గాలి తాగే గది

కిందటివారం కథలో ల్యాబు పిన్నిని, క్రిముల్ని మొలిపించే వెచ్చపెట్టె ముందు నిలబెట్టి వచ్చాం. పాపం, రెండు రోజులుగా ఆవిడ మనసంతా అక్కడే ఉంది. పిల్లల క్యాన్సర్ వార్డులో ఆరు చోట్ల ఆరు ప్లేట్లు మూతలు తీసి, గంటసేపు గాలికి వదిలింది. తరవాత మూతలు బిగించి, తెచ్చి ఆ పెట్టెలో పెట్టింది. గాల్లో తిరిగేది కంటికి కనపడదు. ప్లేటులో పోసిన మెత్తటి మేత మీద వాలితే మాత్రం రెండు రోజుల్లో మొలిచి, తనెవరో చెబుతుంది.

ఇంత తంటా ఎందుకంటారా? వార్డులో అన్నిటికన్నా భద్రమైనది అద్దాల గది. మందుల ధాటికి ఒంట్లో తెల్లకణాలు అడుగంటిపోయిన పిల్లల్ని అందులో ఉంచుతారు. ఒకదాని తరవాత ఒకటి రెండు తలుపులు, మధ్యలో చేతులు కడుక్కునే చోటు. అలాంటి గదిలోకి తొమ్మిది నెలల్లో ముగ్గురు పిల్లలు బాగానే వెళ్ళి, దగ్గుతో బయటికొచ్చారు. ఇద్దరు ఇప్పుడు లేరు. మూడోవాడు కింది అంతస్తులో ఊపిరి మిషను మీద ఉన్నాడు. వాడి ఊపిరితిత్తుల్లోంచి తీసిన నీళ్ళలో బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ బూజు మొలిచింది. మనలాంటివాళ్ళం రోజూ ఆ బూజుని పీలుస్తూనే ఉంటాం, ఒళ్ళు దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. ఊడ్చే కణాలే లేని పిల్లల్లో అది తడిగోడ దొరికినట్టు పాతుకుపోతుంది.

మొదటి ఇద్దరి శాంపిళ్ళు వేసిన ప్లేట్లలోనూ అదే బూజు మొలిచింది. అప్పుడు ల్యాబు పిన్ని దాన్ని పట్టించుకోలేదు. ప్లేటు మీద బూజు కనిపిస్తే గాల్లోంచి పడిన చెత్త అనుకోవడం ల్యాబుల్లో పాత అలవాటు. 'బూజు పడింది, లెక్కలోకి రాదు, మళ్ళీ శాంపిల్ పంపండి' అని రాసి, రెండు ప్లేట్లూ పారేసింది. మళ్ళీ పంపడానికి ఆ పిల్లలు మిగల్లేదు. ఈ సంగతి ఆవిడకి తప్ప ఇంకో మనిషికి తెలియదు. తేలు కుట్టిన దొంగలా అప్పట్నుంచీ నోరెత్తలేదు.

ఇక అసలు సంగతి. ఈ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఆ అద్దాల గదిలోకి వెళ్ళబోయేది ఆవిడ సొంత అక్క కూతురు. ఆరేళ్ళది. సూది గుచ్చబోయిన డాక్టర్ని 'ఎందుకు, ఎక్కడ, ఎన్నిసార్లు, కాగితం చూపించండి' అని నిలదీసేది కనక వార్డంతా దాన్ని లాయరమ్మ అంటారు. అది పిన్నీ అని పిలిచి పిలిచి ఈవిడ అందరికీ ల్యాబు పిన్ని అయిపోయింది. ఆ గది లాయరమ్మకి ఊరికే రాలేదు. పెద్ద డాక్టరు చుట్టూ వారం రోజులు తిరిగి, బతిమాలి, ఈవిడే ఇప్పించింది.

పొద్దున తొమ్మిదింటికి వెచ్చపెట్టె తలుపు తెరిచింది.

పెద్ద సిస్టరు టేబులు దగ్గర పెట్టిన ప్లేటులో రెండు చుక్కలున్నాయి. మామూలు గదులు మూడింటిలో నాలుగు, మూడు, ఐదు. కారిడార్ ప్లేటులో పదకొండు. అంత జనం తిరిగేచోట పదకొండంటే పర్వాలేదు. ఆరోది తీసి లెక్కపెడదామని వెలుతురుకి ఎత్తింది. లెక్కపెట్టడానికి ఖాళీ కనపడలేదు. ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా బూడిదాకుపచ్చ బూజు మెత్తటి గుడ్డ పరిచినట్టు పరుచుకుంది. కొంత మూతని కూడా పట్టుకుని పైకి పాకుతోంది. చీటీ తిప్పి చూసింది. మళ్ళీ చూసింది. తన చేతిరాతే. అద్దాల గది.

ఆ గది తలుపు ముందు తల్లులు నడిచేటప్పుడు పిల్లల చెయ్యి ఎందుకు గట్టిగా పట్టుకుంటారో ఆవిడకి తెలుసు. ఆ గది పిల్లల్ని బలి అడుగుతుందని వాళ్ళలో వాళ్ళు అనుకుంటారు. చదువుకున్నదాన్ని కదా అని ఇన్నాళ్ళూ నవ్వేది. ఈ పొద్దున నవ్వు రాలేదు. ప్లేటు చుట్టూ టేపు చుట్టి, కోటు జేబులో వేసుకుని, గాలి మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది.

గాలి మేస్త్రీ అంటే గాలి కబుర్లు చెప్పేవాడని కాదు, ఆ కళ కూడా ఆయనకి బాగానే వచ్చుననుకోండి. ఆస్పత్రిలో ఫ్యాన్లు, గాలి గొట్టాలు, ఫిల్టర్లు అన్నీ ఇరవై రెండేళ్ళుగా ఆయన చేతిమీదే నడుస్తున్నాయి. మెట్ల కింద గదిలో టీ ఊదుకుంటూ కూర్చున్నాడు.

"మేస్త్రీగారూ, అద్దాల గదిలో గాలి ఎటు పోతుంది?"

"ఎటు పోతుందేంటమ్మా? పైనించి వస్తుంది. ఫిల్టర్లో వడగట్టుకుని, గదంతా నిండి, తలుపు సందుల్లోంచి బయటికి తోసుకుంటుంది. బయటి దుమ్ము లోపలికి రావాలంటే ఏటికి ఎదురీదాలి. అంత శుభ్రమైన గాలి పెద్ద డాక్టరుగారి ముక్కుకి కూడా దొరకదు."

ఆవిడ జేబులోంచి ప్లేటు తీసి టీ గ్లాసు పక్కన పెట్టింది. ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఏంటిది?"

"మీ శుభ్రమైన గాలి."

"ఊరుకోమ్మా! నీ ల్యాబులో పడుంటుంది. మీ ల్యాబువాళ్ళకి బూజు కనిపిస్తే గాలి మీదకి తోసెయ్యడం అలవాటేగా."

ఆ మాట ఆయన విసురుగా అన్నదే గానీ, తగలాల్సిన చోటే తగిలింది. ఆవిడ ముఖం పాలిపోవడం చూసి ఆయనే తగ్గాడు. "సరే పద. నీ కళ్ళముందే చూపిస్తాను. ఇలాంటివాటికి మాకు ఉల్లిపొర కాగితం చాలు" అని సొరుగులోంచి ఒక ముక్క చింపి తీసుకున్నాడు.

అద్దాల గది కారిడార్ చివర ఉంది. దాని ఎదురుగా పాత స్టోరు గదుల్ని పగలగొడుతున్నారు, కొత్త విభాగం కట్టడానికి. ఏళ్ళ తరబడి నీళ్ళు కారిన పైకప్పులు అవి. దుమ్ము రాకుండా నేల నుంచి కప్పు దాకా ప్లాస్టిక్ పరదా కట్టారు. ఆ రోజు పని ఆపేశారు, అటువైపు మనిషి అలికిడి లేదు. అయినా పరదా మధ్యలో ఉబ్బి ఉంది. అవతలినుంచి ఎవరో వీపు ఆనించి నిలబడ్డట్టు ఇటువైపుకే ఉబ్బి ఉంది.

నేల తుడిచే అవ్వ బకెట్టు పక్కకి జరిపి దారి ఇచ్చింది. "ఆ తలుపు మీరు వెయ్యనక్కర్లేదు తల్లీ" అంది. "కాస్త తెరిచి వదిలేస్తే దానంతటదే వేసుకుంటుంది. మొన్న నా చేతిలో తుడుపుగుడ్డ పట్టుకుని లాగింది. నేను వదిలేశాను, నాకెందుకొచ్చిన గొడవ!"

గాలి మేస్త్రీ నవ్వబోయి ఆగాడు. గది ఖాళీ కనక తలుపులు రెండూ కొంచెం కొంచెం తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, కాగితాన్ని రెండు వేళ్ళతో సందు దగ్గర వేలాడదీశాడు. అది బయటివైపుకి, ఆయన ఛాతీవైపుకి ఎగరాలి. ఎగరలేదు. ఒక్క క్షణం నిటారుగా నిలిచి, లోపలివైపుకి వాలింది. తరవాత బిగుసుకుంది. ఆయన వేళ్ళు వదల్లేదు, కాగితమే జారిపోయింది. నున్నటి నేలమీద సరసరా పాక్కుంటూ వెళ్ళి, ఖాళీ మంచం కాళ్ళ దగ్గర ఆగి, వణుకుతూ ఉండిపోయింది.

ల్యాబు పిన్ని తలుపు సందులోంచి లోపలికి చూసింది. మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. దిండు మీద లాయరమ్మ పేరు రాసిన చీటీ అంటించి ఉంది.

"తాగుతోంది" అంది. "ఈ కారిడార్ గాలంతా, ఆ పగలగొట్టిన గదుల దుమ్ముతో సహా ఇది తాగుతోంది మేస్త్రీగారూ."

ఆయన లేవలేదు. మోకాళ్ళ మీదే కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"పోయినేడు తట్టు సోకిన పిల్లని ఈ గదిలో పెట్టారు, గుర్తుందా? తట్టు గాల్లో పాకుతుంది. లోపలి గాలి బయటికొస్తే వార్డులో మిగతా పిల్లలు బతకరు. గాలి వెనక్కి తిప్పమని పైనుంచి ఆర్డరు. పైకప్పు మీద రెండు తీగలు మార్చి కలిపితే ఫ్యాను అటుది ఇటు తిరుగుతుంది. నేనే మార్చాను."

"మళ్ళీ సరిచెయ్యలేదా?"

"తాత్కాలికంగా ఏది మార్చినా దాని స్విచ్చు పెట్టె పిడికి ఎర్రదారం కడతానమ్మా. ఇరవై రెండేళ్ళుగా అదే నా పద్ధతి. దారం కనపడిన ప్రతిసారీ ఇది మళ్ళీ మార్చాలి అని గుర్తొస్తుంది. దీనికీ కట్టాను. మర్నాడు నాకు కడుపులో ఆపరేషను. నెల తరవాత వచ్చేసరికి ఆ పెట్టెలన్నిటికీ కొత్త రంగు వేశారు. రంగులవాడు శుభ్రమైన మనిషి, దారాలన్నీ కోసి పారేశాడు." ఆయన అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "దారం లేకపోతే అన్నీ సరిగ్గా ఉన్నట్టే లెక్క నాకు."

ఆవిడకి ఆయన మీద పీకలదాకా కోపం రావాలి. వచ్చింది కూడా. అయితే బూజు కనిపిస్తే చెత్త కిందే లెక్క అనుకున్న మనిషి ఆ కోపాన్ని ఏ నోటితో బయటపెడుతుంది? కంచే చేను మేసిందని అరుద్దామంటే, ఆ కంచెలో తనూ ఒక కంపే.

"పెద్ద డాక్టరుకి చెబుతాను" అంది చివరికి.

"చెప్పు. చెప్పాలి కూడా." "ఒక్క అరగంట ఆగి చెప్పమ్మా. ఇప్పుడే పైకెళ్ళి తీగలు సరిచేస్తాను. నా తప్పు నేనే దిద్దుకున్నానని చెప్పుకునే మొహమైనా మిగులుతుంది. ఇప్పుడు తొమ్మిదీ నలభై. మీ పాప వచ్చేది పన్నెండింటికి. గది ఎలాగూ ఖాళీ."

అప్పుడు ఆవిడ చెయ్యాల్సింది చాలా చిన్న పని. ఇరవై అడుగులు నడిచి, పెద్ద సిస్టరు టేబులు ముందు నిలబడి, ఆ గదికి తాళం వెయ్యండి అనడం. అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే మొదటి ఇద్దరి ప్లేట్ల గురించి అడుగుతారు. అరగంటలో గాలి సరైతే, అడిగేవాళ్ళు కూడా కొంచెం మెత్తగా అడుగుతారేమో. మనిషి బుద్ధి ఇలాంటప్పుడే బాగా పనిచేస్తుంది, పాడుబుద్ధి!

"సరే పదండి. నేనూ వస్తాను" అంది.

పెద్ద సిస్టరు ఎదురైంది. "ఏంటి, ఇద్దరూ కలిసి ఎక్కడికి?"

"ఏం లేదు సిస్టర్. ఊరికే."

"నీ లాయరమ్మకి చెప్పు పిన్నీ, పొద్దుట్నుంచీ నా ప్రాణం తీస్తోంది. గది సిద్ధంగా ఉంటే పన్నెండు దాకా ఎందుకాగాలి, కారణం చూపించమంటోంది. పక్క మంచం పిల్లాడు కూడా తుమ్ముతున్నాడు మరి."

ల్యాబు పిన్ని నవ్వినట్టు ముఖం పెట్టి దాటిపోయింది. ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. బుర్ర నిండా రెండు ప్లేట్లే ఉన్నాయి.

లిఫ్టు పైకప్పు దాకా వెళ్ళదు. ఐదంతస్తుల మెట్లు ఎక్కేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. పైన ఎండ చుర్రుమంటోంది. వరసగా పదిహేను ఇనప పెట్టెలు, అన్నిటికీ నీలం రంగు, అన్నీ తళతళలాడుతున్నాయి. గాలి మేస్త్రీ తొమ్మిదో పెట్టె దగ్గర ఆగి, పిడి చుట్టూ వేలు పెట్టి తడిమాడు. రంగు కింద దారం కట్టిన చోట సన్నటి గీత తగిలింది కాబోలు, వేలు అక్కడే ఉంచి కాసేపు నిలబడ్డాడు.

తరవాత చకచకా పని చేశాడు. కరెంటు ఆపాడు. పక్కనున్న గొట్టంలో రొద సన్నగిల్లి, మూలిగి, ఆగిపోయింది. రెండు తీగలు విప్పి, ఇటుది అటు, అటుది ఇటు బిగించాడు. పెట్టె మూసి, పిడి ఎత్తాడు. ఫ్యాను కదిలింది. మొదట బద్ధకంగా, తరవాత వేగం అందుకుని, ఇందాకటి కంటే లోతైన గొంతుతో హోరెత్తింది. ల్యాబు పిన్ని గొట్టం మీద చెయ్యి వేసి చూసింది. లోపల గాలి కిందికి పరుగెడుతోంది, చేతికి తెలుస్తోంది.

"అయిపోయిందమ్మా" అన్నాడు ఆయన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తొమ్మిది నెలలు. ఇప్పటికి సరైంది."

ఆవిడకీ గుండెల మీంచి బండ దించినట్టే అనిపించింది. ఇక కిందికి వెళ్ళి అన్నీ చెప్పేస్తాను, ప్లేట్ల సంగతి కూడా చెప్పేస్తాను అనుకుంది. నిజంగానే అనుకుంది. అలా అనుకుంటూ ఉండగానే, ల్యాబులో పనిచేసే మనిషి కదా, ఒక సందేహం తొలిచింది.

"మేస్త్రీగారూ, తొమ్మిది నెలలు కారిడార్ దుమ్మంతా ఆ గదిలోంచి పైకి లాక్కుందిగా. ఆ దుమ్ము ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికి పోతుంది? ఫిల్టరు దాటలేదు. దానికి అడుగునే పట్టుకుని ఉంటుంది, గదివైపు."

"ఇప్పుడు మీరు పైనించి ఊదితే?"

ఆయన గొట్టం వైపు చూశాడు. హోరు మాత్రం వినిపిస్తోంది.

"గది ఖాళీయే కదమ్మా" అన్నాడు. "రాలితే రాలనీ. తలుపులు బిగించి, రెండు రోజులు కడిగిస్తే..."

ల్యాబు పిన్ని ఫోను మోగింది. అక్క.

"హలో, అక్కా!"

"అక్క కాదు, నేను" అంది లాయరమ్మ. "పిన్నీ, నాకు గది ఇచ్చేశారు! పన్నెండు అన్నారు కదా, నేను వాదించి పదింటికే తీసుకున్నాను. పెద్ద సిస్టరు ఓడిపోయింది. మాస్కు కూడా తీసేసింది, ఈ గదిలో అక్కర్లేదట."

ఆవిడ ఫోను పక్కకి తిప్పి "ఆపండి!" అని మేస్త్రీ మీద అరిచింది. ఆయన అప్పటికే పిడి దించేశాడు. దించగానే ఆగడానికి అదేమన్నా బల్లమీద ఫ్యానా? మనిషంత రెక్కలు, తిరిగిన ఊపుకి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆయన తన ఫోనులో వార్డు నంబరు నొక్కాడు. ఎంగేజ్. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఎంగేజ్.

"ఫోను అమ్మకివ్వు తల్లీ. తొందరగా ఇవ్వు."

"అమ్మ తలుపుల మధ్యలో చేతులు కడుక్కుంటోంది. గౌను కూడా వేసుకోవాలట. నేను దిగలేను, నా చేతికి గొట్టం ఉంది." లాయరమ్మ గొంతు కొంచెం తగ్గింది. అది భయపడ్డప్పుడు ఏడవదు, ప్రశ్నలు వేస్తుంది. "పిన్నీ, ఒక ప్రశ్న. పైన గీతలు గీతలుగా ఒక కిటికీ ఉంది. ఇందాక అది నా దుప్పటి అంచుని పైకి లాగింది. తరవాత ఊరుకుంది. ఇప్పుడు ఊదుతోంది. ఊదుతుంటే నల్లగా, మెత్తగా ఏదో రాలుతోంది. నా చెయ్యి మీద పడింది. చాలా పడుతోంది. ఇదేంటి?"

ల్యాబు పిన్ని అప్పటికే మెట్ల మీద ఉంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండేసి మెట్లు దూకుతోంది. ఐదు అంతస్తులు. తరవాత కారిడార్. తరవాత ఒకటి మూస్తే గానీ ఇంకోటి తెరవకూడని రెండు తలుపులు.

"తల్లీ, నా మాట విను. ఏం అడక్కు. దుప్పటి ముఖం మీదకి లాక్కో. ముక్కూ నోరూ మూసుకుని ఊపిరి బిగపట్టు. పీల్చకు. నేను వచ్చేస్తున్నాను, పీల్చకు."

అవతల దుప్పటి సర్దుకున్న చప్పుడయింది. తరవాత దాని కిందినుంచి, ముక్కు మూసుకున్న గొంతుతో, లాయరమ్మ అడిగింది.

"ఎంతసేపు పిన్నీ?"